కలంకారీలో ప్రయోగానికి చోటెక్కడ, పద్ధతి వదలకూడనిదెక్కడ?

కొత్తకలం

కాళహస్తి పద్ధతిలో, కలంతో గీసే కలంకారీ గురించి అడుగుతున్నాను. అచ్చుల పని గురించి కాదు.

గుడ్డ గుడ్డకీ ఏదో ఒకటి మారుస్తూ పోతుంటే, బాగా వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియడం లేదు, చెడినా ఎందుకు చెడిందో తెలియడం లేదు. ఒకసారి వచ్చిన ఎరుపు రెండోసారి రాదు. పోనీ ప్రయోగాలన్నీ మానేసి అదే కల్పవృక్షం, అవే నెమళ్ళు, అదే అంచు వేస్తే చెయ్యి నడుస్తుంది గానీ గుడ్డ చూడబుద్ధి కాదు. ఆర్డర్లకు ఒక పద్ధతి, సొంత బొమ్మలకు ఇంకో పద్ధతి పెట్టుకుంటే రెండూ కలగాపులగం అయిపోతున్నాయి.

ప్రస్తుతం నడుస్తున్న లెక్క ఇది: ఐదు మీటర్ల కోరా గుడ్డ (సుమారు కిలో), కరక్కాయ పొడి 50 గ్రా., ప్యాకెట్ టోన్డ్ పాలు ఒక లీటరు, నీళ్ళు లీటరున్నర. కసిమి (ఇనుము, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి చేసే నల్ల గీతల ద్రవం) పది రోజులు ఊరింది. పటిక (ఎరుపు రావాల్సినచోట పూసేది) లీటరు నీటికి "నాలుగైదు చెంచాలు". పటిక ఆరాక బకెట్లో రెండుసార్లు జాడించి, మరుగుతున్న మంజిష్ఠ (ఎర్ర రంగునిచ్చే వేరు) నీళ్ళలో వేసి అరగంట ఉడకబెట్టడం.

వస్తున్న తేడాలు: సన్నగీతలు దూది పోగుల్లా పాకుతున్నాయి. నలుపు గీత చుట్టూ ఉతికాక తుప్పు రంగు వస్తోంది. ఎరుపు ఒకచోట ఇటుక రంగు, ఒకచోట గులాబీ. బొమ్మ లేని నేల కూడా గులాబీ తిరుగుతోంది.

అసలు ఈ పనిలో ఏ దశలో చెయ్యి స్వేచ్ఛగా వదలొచ్చు, ఏ దశలో అస్సలు వదలకూడదు? వారానికి ఇన్ని రోజులు ప్రయోగం, ఇన్ని రోజులు పని అని పంచుకోవడం ఉపయోగమా? కొత్త రంగులు (ఉల్లిపొట్టు, మోదుగ, బీట్‌రూట్) ప్రయత్నించాలంటే ఎలా?

సువర్ణముఖి

ప్రయోగం మాట తర్వాత. మీరు రాసిన తేడాల్లో ఒక్కటి కూడా ప్రయోగం వల్ల వచ్చింది కాదండి, నాలుగూ కొలత, పద్ధతి తప్పులే. ముందు అవి సర్దుకుంటే గానీ మీ ప్రయోగం మీకు ఏ జవాబూ చెప్పదు.

గీత పాకడం పాల వల్ల. గుడ్డకు పాలు పట్టించేది దాని కొవ్వు కోసం. ఆ కొవ్వే కసిమిని పోగు వెంట పాకనివ్వదు. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతమే. పచ్చి గేదె పాలు వాడండి, కాచినవి వద్దు, మీగడ తీసినవి అసలే వద్దు. పచ్చివి దొరక్కపోతే ఫుల్ క్రీమ్ ప్యాకెట్, దాంట్లో 6 శాతం ఉంటుంది. అలాగని చిక్కగా ఉంటే మంచిదని నీళ్ళు పూర్తిగా మానేయకండి. గుడ్డ అట్టలా బిగుసుకుని కసిమి పైపైనే నిలుస్తుంది, మొదటి ఉతుకులో గీత బూడిద రంగుకు దిగిపోతుంది.

తుప్పు రంగు కరక్కాయ తక్కువైనందుకు. కసిమిలోని ఇనుమును కరక్కాయ వగరు పట్టుకుంటేనే నలుపు. వగరు చాలకపోతే మిగిలిపోయిన ఇనుము గాలికి తుప్పు పడుతుంది. కిలో గుడ్డకు 50 గ్రాములు చాలవు, 150 నుంచి 200 గ్రాముల దాకా వెయ్యాలి. గింజ తీసి, పెచ్చు మాత్రమే పొడి కొట్టి, ముందురోజు రాత్రి కొద్ది నీళ్ళలో నానేసి, పొద్దున వడగట్టి పాలలో కలపండి. గుడ్డ పూర్తిగా మునిగాక పది, పదిహేను నిమిషాలు పిసుకుతూ ఉంచి, సమంగా పిండి, ఎండలో పరవాలి. తాడు మీద మడత వేసి ఆరేస్తే మడత దగ్గర వగరు దిగి చార పడుతుంది. ఇనుప తీగ మీద మాత్రం వెయ్యొద్దు, తగిలినచోటల్లా నల్లమచ్చే.

ఎరుపు ఎగుడుదిగుడు రెండు కారణాల వల్ల. ఒకటి, పటిక చెంచాతో కొలవడం. రెండు, మరిగే నీళ్ళలో గుడ్డ వెయ్యడం. చల్లటి నీళ్ళలో మంజిష్ఠ కలిపి, తడి గుడ్డ వేసి, సన్నటి మంట మీద దాదాపు గంటసేపు తీసుకుని వేడెక్కించండి. ఆ గంటా కర్రతో తిప్పుతూనే ఉండాలి. వేడి నీళ్ళలో పడేసిన గుడ్డలో ముందు తడిసిన భాగం రంగంతా లాగేసుకుంటుంది, మిగతాది ఆకలితో ఉంటుంది. పాత్ర రాగిదైనా స్టీలుదైనా ఫర్వాలేదు, ఇనుప గంగాళం వద్దు, ఎరుపు మసిబారుతుంది.

నేల గులాబీ తిరగడం బకెట్ పుణ్యం. గుడ్డకు పట్టని అదనపు పటిక నిలవ నీటిలో కరిగి, మళ్ళీ నేల మీదే కూర్చుంటుంది. అందుకే కాళహస్తిలో ఏటి పారే నీళ్ళలో గుడ్డను విప్పి ఉంచి కడిగేది. అది ఆచారం కోసం కాదు, పటిక వెనక్కి రాకుండా కొట్టుకుపోవడానికి. ఇంటి దగ్గరైతే బల్లను ఏటవాలుగా పెట్టి, గుడ్డ పరిచి, పై నుంచి గొట్టం పెట్టండి, బొమ్మ వైపు నుంచి నేల వైపుకు కాదు, నేరుగా బయటకు పోయేలా. పటిక పూశాక కనీసం 24 గంటలు ఆరనివ్వకుండా కడగొద్దు. ఉడకబెట్టిన తర్వాత కూడా నేల మీద కొంత రంగు ఉంటుంది, అది మామూలే. పేడ నీళ్ళలో రాత్రంతా నానేసి, ఉతికి, రెండు మూడు రోజులు ఎండలో నీళ్ళు చల్లుతూ ఉంచితే తెల్లబడుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. రోజులు పంచుకోవడం వల్ల ఒరిగేది లేదు. ఈ పనికి దాని క్యాలెండర్ దానికే ఉంది. కరక్కాయ పట్టించడానికి ఎండ కావాలి, కసిమికి వారాలు కావాలి, ఉడకబెట్టడానికి నాలుగైదు గుడ్డలు పోగవ్వాలి. మంగళవారం ప్రయోగం అనుకుంటే ఆ మంగళవారం గుడ్డ ఏ దశలో ఉంటుందో మీ చేతిలో ఉండదు.

పంచుకోవాల్సింది గుడ్డని. ప్రతి తానులోంచి, కరక్కాయ పట్టించకముందే, పది సెం.మీ. వెడల్పు, మీటరు పొడవు పట్టీ ఒకటి చింపి పెట్టుకోండి. దీన్ని సాక్షి పట్టీ అందాం. అది పెద్ద గుడ్డతోపాటే అదే తొట్టిలో మునగాలి, అదే ఎండలో ఆరాలి, అదే గంగాళంలో ఉడకాలి. పట్టీని పది గళ్ళుగా విడదీయండి. మొదటి మూడు గళ్ళు ఎప్పుడూ మారవు: మీ మామూలు కసిమి, మీ మామూలు పటిక, ఖాళీ నేల. ప్రయోగం మిగిలిన ఏడు గళ్ళలో. ఆ ఏడింట్లోనూ ఒకసారికి ఒక్కటే మారాలి. పటిక బలం చూస్తున్నారా, ఏడు గళ్ళూ పటిక బలమే. కసిమి జోలికి పోవద్దు.

నెలకు రెండు ఉడకబెట్టడాలు అనుకుంటే ఏడాదికి 24 ప్రశ్నలకు జవాబులు. ఆర్డరు గుడ్డ ఒక్కటీ పాడవదు. ఇంకా ముఖ్యం, మొదటి మూడు గళ్ళు గుడ్డ గుడ్డకీ పక్కపక్కన పెట్టి చూస్తే మీ పద్ధతి ఎక్కడ జారుతోందో అవే చూపిస్తాయి. ప్రయోగం గళ్ళలో ఎరుపు బాగా వచ్చి, మామూలు గడిలో కూడా ఈసారి బాగానే వచ్చిందంటే, అది మీ ప్రయోగం గొప్పతనం కాదు, నీళ్ళో మంజిష్ఠో మారింది.

పటికకు ఒక వరస ఇస్తాను, ఇది అందరూ ఒక్కసారైనా చెయ్యాలి. లీటరు గోరువెచ్చని నీటికి 100 గ్రా. పటిక తూకం వేసి కలపండి. దాన్ని సగానికి పలచన చేస్తే 50, మళ్ళీ సగం 25, మళ్ళీ సగం పన్నెండున్నర. నాలుగూ ఒకే పట్టీ మీద పూసి ఒకేసారి ఉడకబెడితే ముదురెరుపు నుంచి లేత గులాబీ దాకా నాలుగు మెట్లు వస్తాయి. పటిక నీళ్ళు రంగు లేనివి కాబట్టి ఎక్కడ పూశారో కనపడదు, కొంచెం మంజిష్ఠ కషాయం చుక్కలు కలిపితే కనిపిస్తుంది. పటిక కలం వేరు, కసిమి కలం వేరు. కసిమి తగిలిన కలంతో పటిక పూస్తే ఎరుపులో మట్టి రంగు కలుస్తుంది.

చింతబొగ్గు

పైన చెప్పినవన్నీ నిజమే, కానీ ఇదంతా రంగు గురించి. అడిగినవారు ఇంకోమాట కూడా అన్నారు, "గుడ్డ చూడబుద్ధి కాదు" అని. దానికి పటిక వరస మందు కాదు.

ఈ పనిలో రెండు రకాల క్రమశిక్షణలున్నాయి, కలిపేస్తే రెండూ చెడతాయి. రంగు పనికి తూకం, గడియారం, పుస్తకం కావాలి. గీత పనికి అవేవీ అక్కర్లేదు, రోజూ చెయ్యి కదలాలి, అంతే. తూకం వేసే మనసుతో గీత గీస్తే బిగుసుకుపోతుంది. గీత గీసే మనసుతో పటిక కలిపితే చెంచాలు వస్తాయి.

చెరిపేసుకోగలిగినది ఏది, చెరపలేనిది ఏది అని చూసుకోండి. చింతబొగ్గుతో వేసిన బొమ్మ గుడ్డతో విదిలిస్తే పోతుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కసిమి పడ్డాక పోదు. (చిన్న చుక్క పడితే నిమ్మరసంతో తేలిపోతుంది గానీ, ఆ పులుపు అక్కడే ఉండిపోతే పటిక పట్టదు. కడుగుదామంటే పాలు పోతాయి. కాబట్టి నిమ్మకాయను నమ్ముకోకండి.) అంటే స్వేచ్ఛ అంతా బొగ్గు దశలో ఖర్చు పెట్టాలి. చాలామంది తిరగేసి చేస్తారు. బొగ్గుతో నాలుగు గీతలు గీసేసి, "కసిమిలో చూసుకుందాంలే" అని కలం పడతారు. తర్వాత భయం భయంగా నెమ్మదిగా గీస్తారు. నెమ్మదిగా కదిలిన కలం దగ్గర కసిమి చెరువై నిలుస్తుంది, అదొక మచ్చ.

ఒకే బొమ్మకు బొగ్గుతో కనీసం ఐదు అమరికలు కాగితం మీద వెయ్యండి, చేతివెడల్పు సైజులో, ఒక్కోదానికి పది నిమిషాలు మించకుండా. నియమం ఏమిటంటే రెండోది మొదటిదానికి సవరణ కాకూడదు. కల్పవృక్షం అనుకోండి: ఒకదాంట్లో మొదలు కిందే ఉండదు, పక్క అంచు నుంచి వస్తుంది. ఒకదాంట్లో చెట్టు ఖాళీ, ఆకుల మధ్య నేలే బొమ్మ. ఒకదాంట్లో అంచు లేదు. ఒకదాంట్లో పక్షులు మాత్రమే ఉంటాయి, వాటి వరసే చెట్టు ఆకారం. ఐదింట్లో మూడు పనికిరావు. కొంచెం ఇబ్బందిగా అనిపించేదాన్ని ఎంచుకోండి, అందంగా అనిపించేదాన్ని కాదు. అందంగా అనిపించింది అంటే ఇంతకుముందు ఎక్కడో చూశారన్నమాట.

గీతకు రోజువారీ సాధన వేరే. కరక్కాయ పట్టించిన పాత ముక్క ఒకటి, మీటరు పొడవుది, పక్కన ఉంచుకోండి. పని మొదలుపెట్టేముందు పావుగంట. కలం ముంచి, ఉన్ని మీద వేలితో నొక్కుతూ ఒక్క గీత, ఆగకుండా. ఒక్క ముంచుకు గీత ఎంతదూరం ఒకే మందంలో వచ్చిందో చూసుకోండి. తర్వాత చుట్టలు, తర్వాత చేపకన్ను, పది ఎడమకు, పది కుడికి. చాలామందికి ఒకవైపు ముఖాలు బాగా వస్తాయి, రెండోవైపువే కుంటుతాయి. కలం తయారీలోనే సగం గీత ఉంది: వెదురు పుల్ల మొన నుంచి నాలుగైదు సెం.మీ. పైన ఉన్ని చుట్టి, నూలుదారంతో బిగించండి. వదులుగా కడితే కసిమి ఒక్కసారిగా దిగిపోతుంది, మరీ బిగిస్తే నొక్కినా రాదు. చెమటచేత్తో పట్టే చోట దారం ఉబ్బితే తిరిగి కట్టుకోవాల్సిందే.

సంప్రదాయపు రంగులు (ఆడవారికి పసుపు, రాముడికీ కృష్ణుడికీ నీలం) పట్టుకోవాలా అంటే, కథ చెప్పే బొమ్మలో పట్టుకోండి. రామాయణం గడుల్లో రాముడు ఇరవైసార్లు వస్తాడు, చూసేవాడు రంగును బట్టే వెతుక్కుంటాడు. అక్కడ రంగు మార్చడం ప్రయోగం కాదు, అక్షరం మార్చడం. కథ లేని బొమ్మకు ఆ కట్టుబాటు ఎందుకు?

కరకపువ్వు

కొత్త రంగుల విషయం ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను.

బీట్‌రూట్ వదిలేయండి. అది కూరకు రంగు, గుడ్డకు కాదు. పటిక ఉన్నా లేకపోయినా రెండు ఉతుకుల్లో పోతుంది. మందారం, జాఫ్రా గింజలు, వంట పసుపు కూడా అంతే, మొదటిరోజు కళ్ళు చెదురుతాయి, ఎండకు వెలిసిపోతాయి. మోదుగ పువ్వు పటికతో మంచి పసుపు ఇస్తుంది గానీ ఎండకు ఆగదు, గోడకు తగిలించే బొమ్మకు వద్దు. ఉల్లిపొట్టు ఒక మోస్తరు. బంతిపువ్వు దానికంటే మేలు. దానిమ్మ తొక్కలో వగరు ఉంటుంది కాబట్టి బాగా నిలుస్తుంది, రంగు మాత్రం కాస్త ఆకుపచ్చ వైపు లాగే పసుపు. కాచు, తుమ్మచెక్క గోధుమ రంగులకు నమ్మకమైనవి. కరకపువ్వు (పేరుకు పువ్వు గానీ కరక ఆకు మీద పురుగు వల్ల లేచే బుడిపె అది) ఎలాగూ మనకు అలవాటైన పసుపే: పావుకిలో దంచి, రెండు లీటర్ల నీళ్ళలో సగానికి మరిగించి, వడగట్టి, చివర్లో ఒక చెంచా పటిక. ఇక్కడ చెంచా ఫర్వాలేదులెండి.

ఏ కొత్త రంగైనా ఈ నాలుగూ దాటకుండా పెద్ద గుడ్డ మీదకు రానివ్వకండి.

ఎండ పరీక్ష: రంగు పట్టీని అట్టముక్క మీద బిగించి, సగం మీద అల్యూమినియం రేకు చుట్టి, దక్షిణం వైపు కిటికీలో నాలుగు వారాలు. ప్రతి వారం రేకును కొంచెం కొంచెం జరిపితే ఒకే పట్టీ మీద ఒక వారం, రెండు, మూడు, నాలుగు మెట్లు కనిపిస్తాయి. వానాకాలం నాలుగు వారాలకూ ఎండాకాలం నాలుగు వారాలకూ పోలిక పెట్టకండి. పక్కనే మీ మామూలు కరకపువ్వు పసుపు పట్టీ కూడా పెట్టండి. అదెంత వెలిసిందో చూసి దీన్ని తూచాలి.

ఉతుకు: కుంకుడు రసంలో ఐదుసార్లు, ప్రతిసారీ పూర్తిగా ఆరనిచ్చి. సబ్బు వేరేగా చూడండి, సబ్బు క్షారానికి కొన్ని పసుపులు ఎర్రబడతాయి.

రాపిడి: తెల్ల గుడ్డను వేలికి చుట్టి ఇరవైసార్లు రుద్దండి, పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి.

చుక్కలు: ఒకచోట నిమ్మరసం, ఒకచోట చాకలి సోడా నీళ్ళు. చీరకు వాడే రంగైతే ఇది తప్పనిసరి, చెమటకూ చింతపులుసుకూ ఆగాలి కదా.

పసుపును తేలిగ్గా తీసుకోవద్దని ఇంత చెప్పడానికి కారణం ఉంది. మ్యూజియాల్లో పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల కోరమాండల్ గుడ్డలు చూస్తే చెట్ల ఆకులు నీలంగా ఉంటాయి. గీసినవాళ్ళు నీలి ఆకులు వెయ్యలేదు. నీలం మీద పూసిన పసుపు వెలిసిపోయింది, నీలం మిగిలింది. అదే గుడ్డల్లో మరో పాఠం కూడా ఉంది: నలుపు, ముదురు గోధుమ గీతలున్నచోట గుడ్డ చిరిగి రాలిపోయి ఉంటుంది, ఇనుము నూలును తినేస్తుంది కాబట్టి. కసిమిని "ఇంకా నల్లగా" చేద్దామని బలం పెంచుకుంటూ పోవడం కూడా ఒక ప్రయోగమే అనుకునేవాళ్ళున్నారు. నలుపు చాలకపోతే కరక్కాయ పెంచండి, ఇనుము కాదు.

కసిమి గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి: పది రోజులు తొందర. తుప్పు ఇనుము కిలో, బెల్లం పావుకిలో, తాటిబెల్లం 100 గ్రా., నీళ్ళు ఐదు లీటర్లు, మట్టికుండ లేదా ప్లాస్టిక్ తొట్టి, పైన గుడ్డ కప్పి ఉంచాలి, మూత బిగించకూడదు. ఎండాకాలం పదిహేను రోజులు, చలికాలం మూడు వారాలు. నురగ ఆగి, తీపి వాసన పోయి, పులుపు వాసన రావాలి. ఇనుమును ముందు కాల్చి నూనె, పెయింటు పోగొట్టాలి. జింకు పూత ఉన్న మేకులు, రేకులు మాత్రం కాల్చొద్దు, ఆ పొగ ఒంటికి మంచిది కాదు, కసిమి కూడా సరిగా తయారవదు. కరక్కాయ గుడ్డ మీద గీస్తే మొదట బూడిద రంగులో ఉండి, చూస్తుండగా నల్లబడాలి.

పెడన అచ్చు

ఒక చిన్న అభ్యంతరం, సువర్ణముఖి గారికి. "పాలు, కరక్కాయ దగ్గర మార్పు వద్దు" అన్న ధ్వని మీ మాటలో వినిపించింది. నా లెక్కలో చూడదగిన ప్రయోగాలు కొన్ని అక్కడే ఉన్నాయి. గీత పాకడం తప్పు అన్నారు. నీళ్ళు, మబ్బు, పొగ వెయ్యాలంటే పాకే గీతే కావాలి. గుడ్డకు ముందు కరక్కాయ మాత్రమే నీళ్ళలో పట్టించి ఆరబెట్టి, తర్వాత పాలను బ్రష్‌తో బొమ్మ ఉన్నచోట మాత్రమే పూస్తే, ఒకే గుడ్డలో ఒకచోట గీత నిలుస్తుంది, ఒకచోట పాకుతుంది. పాలు రెండు పూతలు, మధ్యలో ఆరనిచ్చి. పాల అంచు ఎక్కడుందో తడి ఆరాక కనపడదు, బొగ్గుతో చుక్కలు పెట్టుకోవాలి.

అచ్చు పనిలో గీత అచ్చులోనే ఉంటుంది కాబట్టి మాకు ఈ సౌకర్యం లేదు. మీకుంది, వాడుకోండి.

ఇంకొకటి. పటికలో కసిమి కలిపితే ఎరుపు మట్టిరంగు అవుతుందని తప్పుగా చెప్పారు అనను గానీ, కొలిచి కలిపితే అదే వంగపండు, చాక్లెట్ రంగులకు దారి. 100 గ్రా. బలం పటిక తొమ్మిది పాళ్ళు, వడగట్టిన కసిమి ఒక పాలు, అక్కడి నుంచి ఎనిమిది-రెండు, ఏడు-మూడు. కరక్కాయ ఉన్న గుడ్డ మీద చాక్లెట్ వైపు పోతుంది, కరక్కాయ లేని గుడ్డ మీద ఊదా వైపు. కలిపిన రోజే వాడెయ్యాలి, మర్నాటికి అడుగున మడ్డి దిగుతుంది.

సువర్ణముఖి

పాలు బ్రష్‌తో పూసే పని బాగుంటుంది, ఒప్పుకుంటాను. నేను అన్నది ఆర్డరు గుడ్డ గురించి. పాలు మారిస్తే ఆ తర్వాతి దశలన్నీ మారతాయి, కాబట్టి దానికి పట్టీ సరిపోదు, మీటరు గుడ్డ ఒకటి మొదటి నుంచి వేరుగా నడపాలి. కలపడం కూడా సరే, కాకపోతే దానికి మూడో కలం పెట్టుకోమనండి.

కొత్తకలం

అందరికీ ధన్యవాదాలు. పటిక తూకం, పాలు, కడగడం మార్చేస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. పట్టీ మీద ఏ గడి ఏమిటో రాసుకుంటే ఉడకబెట్టాక పెన్ను ఇంకు పోతోంది, లేదా పాకుతోంది. రెండోది, ఆకులకు నీలం. నీలిమందు నూరి నీళ్ళలో కలిపి పూస్తే చేతికి అంటుతోంది. సాక్షి పట్టీలో దీన్ని ఎలా పెట్టాలి?

కరకపువ్వు

చేతికి అంటడం సహజం. నీలిమందు నీళ్ళలో కరగదు, మీరు పూసింది పైపై పొడి. అది కరిగి పోగులోకి వెళ్ళాలంటే తొట్టి కట్టాలి: నీలిమందు ఒక పాలు, పొడి సున్నం రెండు పాళ్ళు, పండ్లలో ఉండే ఫ్రక్టోజ్ చక్కెర మూడు పాళ్ళు, బరువు లెక్కన. నీలిమందును ముందు గోరువెచ్చని నీటితో బాగా నూరుకుని, వేడినీళ్ళలో మూడూ కలిపి, నెమ్మదిగా కలియబెట్టి, మూత పెట్టి వదిలేయండి. పైన రాగి మెరుపు తెర, లోపల పసుపు-గోధుమ రంగు స్పష్టమైన ద్రవం కనిపిస్తే సిద్ధం. లోపల కూడా నీలంగానే ఉంటే ఇంకా తయారవలేదు.

కలంతో పూద్దామంటే గాలి తగిలి కలంలోనే నీలమైపోతుంది. అందుకే పాతకాలంలో నీలం వద్దన్నచోట మైనం పూసి, గుడ్డనే తొట్టిలో ముంచేవారు. తొట్టి సున్నం ఘాటైన క్షారం, మీ కరక్కాయ వగరునూ పసుపునూ లాగేస్తుంది, ఎరుపును ఊదా వైపు తిప్పుతుంది. కాబట్టి పసుపు ఎప్పుడూ నీలం తర్వాతే. ముంచి తీశాక గాలికి పూర్తిగా నీలం తిరిగేదాకా ఆగి, బాగా కడిగి, కొద్దిగా వెనిగర్ కలిపిన నీళ్ళలో ఒకసారి ముంచి, మళ్ళీ కడిగి ఆరబెట్టండి. దాని మీద మళ్ళీ పాలు పట్టించి (ఈసారి కరక్కాయ లేకుండా, పాలు ఒక వంతు, నీళ్ళు రెండు వంతులు) అప్పుడు పసుపు. రెండోసారి పాలు మరిస్తే పసుపు ఆకు గీత దాటి పాకుతుంది.

పట్టీలో అయితే గళ్ళలో మూడింటిని నీలానికి కేటాయించండి: ఒక్క ముంచు, రెండు, నాలుగు. ముంచుకూ ముంచుకూ మధ్య పావుగంట గాలి. ఒక్కోదాని సగం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ మెట్లు కూడా అదే పట్టీలో వస్తాయి.

చింతబొగ్గు

రాతకు కసిమే వాడండి. ఉడకబెట్టినా, పేడలో నానేసినా పోనిది అదొక్కటే. పట్టీ అంచు నుంచి రెండు వేళ్ళు లోపలికి సన్నకలంతో తాను నంబరు, తేదీ, గడి పక్కన ఒకటి రెండు మూడు. గళ్ళ వివరం పుస్తకంలో ఉంటే చాలు, పట్టీ మీద నంబరే. పెద్ద గుడ్డకు కూడా అదే నంబరు, మూలలో, అంచు మడిచి కుట్టే చోట. కొన్నవాళ్ళకు కనపడదు, మీకు పదేళ్ళ తర్వాత మరమ్మతుకు తిరిగొస్తే మడత విప్పి చూసుకోవచ్చు. నంబరు రాసింది కరక్కాయ పట్టించిన తర్వాతే అయ్యుండాలి, ముందు రాస్తే తుప్పు మరకే మిగులుతుంది.